మొదటి గడి ఎన్నోది?

పెండ్లి రిజిస్టరు రాసేటప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. వరుని వయస్సు ఎంత అని అడిగితే తండ్రి ఇరవై నాలుగు అంటాడు, పక్కనున్న నాయనమ్మ ఇరవై అయిదు అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. తండ్రి నిండిన సంవత్సరాలు చెప్పాడు, నాయనమ్మ నడుస్తున్న సంవత్సరం చెప్పింది. పుట్టిన బిడ్డకు మొదటి పుట్టినరోజు వచ్చేదాకా తండ్రి లెక్కలో వయస్సు సున్న, నాయనమ్మ లెక్కలో ఒకటి. రిజిస్టరులో మాత్రం ఒక్క గడే ఉంటుంది గనుక, "నిండినవా, నడుస్తున్నవా?" అని రెండోసారి అడిగి రాసుకుంటాను.

ఇంత చిన్న సంగతి కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారిని రాత్రిళ్ళు నిద్రపోనివ్వదని మా మేనల్లుని వలన తెలిసింది. వాడు మా అక్క కొడుకు. ఆ కుటుంబంలో ఇంజనీరింగు చదివిన మొదటివాడు. ఆ చదువు కోసం చేసిన అప్పు ఇంకా సగం తీరలేదు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఆరు నెలల పరీక్షా కాలం మీద చేరాడు. ఆరో నెలలో వాడికి ఒక పని అప్పగించారు. నదిలో వేర్వేరు చోట్ల రోజువారీ నీటిమట్టాలను సరిపోల్చి చూసే పాత ప్రోగ్రాము ఒకటి ఫోర్‌ట్రాన్ అనే భాషలో ఉంది. దానిని పైథాన్ అనే భాషలోకి మార్చాలి. ఇది ప్రజలకు హెచ్చరికలు పంపే ప్రోగ్రాము కాదు, గడచిన సంవత్సరాల మట్టాలను పరిశీలించేది. మూడు రోజులు సెలవు దొరికితే ల్యాప్‌టాప్ సంచితో మా ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు అన్నం కూడా సరిగా తినలేదు.

"ఏమిరా, ప్రోగ్రాము నడవడం లేదా?" అన్నాను.

"నడుస్తోంది మామయ్యా. అదే బాధ. తప్పు ఉంటే ఆగిపోవాలి గదా. ఆగకుండా నడిచి తప్పు జవాబు ఇస్తోంది" అన్నాడు.

మన చదువరులలో చాలామందికి ఈ భాషల పేర్లు కొత్త గనుక కొంచెం చెప్పాలి. ఫోర్‌ట్రాన్ 1957లో అమెరికాలోని ఐబీఎం కంపెనీలో జాన్ బాకస్ అనే ఆయన నాయకత్వాన బయటికి వచ్చింది. శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు వేసే లెక్కల కోసం పుట్టిన భాష అది. చచ్చిపోయిన భాష అనుకోకండి, దాని కొత్త ప్రమాణం 2023లో కూడా వెలువడింది. పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు 1991లో బయటపెట్టాడు. ఇప్పుడు పిల్లలు కాలేజీలో ఎక్కువగా నేర్చుకునేది దానినే. పాత భాష తెలిసినవారు పదవీ విరమణ చేస్తున్నారు, కొత్తవారికి ఆ భాష రాదు, గనుక మార్చమంటున్నారు.

రెండు భాషలలోనూ అర్రే అనే ఏర్పాటు ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గళ్ళ బల్లను చూసే ఉంటారు. అట్లాంటి గళ్ళ వరుసకు ఒక్కటే పేరు పెట్టి, ఒక్కొక్క గడికి ఒక నంబరు ఇస్తారు. పేరు, నంబరు చెబితే ఆ గడిలో ఉన్న అంకె బయటికి వస్తుంది. అంతే, అందులో మర్మమేమీ లేదు. అయితే ఫోర్‌ట్రాన్‌లో, వేరుగా చెప్పకపోతే, మొదటి గడి నంబరు 1. పైథాన్‌లో మొదటి గడి నంబరు 0.

ఇది విని నేను నవ్వాను. "సున్నా నంబరు గడి ఏమిట్రా?" అంటే వాడు రోడ్డు పక్క కిలోమీటరు రాయిని గుర్తు చేశాడు. రోడ్డు మొదలైన చోట ఉండేది సున్నా రాయి. అది ఎన్నో రాయి అని కాదు, మొదటి నుంచి ఎంత దూరం అని చెబుతుంది. యంత్రం లోపల జరిగేదీ అదే. గళ్ళు ఎక్కడ మొదలయ్యాయో యంత్రానికి తెలుసు, అక్కడి నుంచి ఎన్ని గళ్ళు దాటాలో చెబితే చాలు. మొదటి గడికి దాటవలసినవి సున్న. 1967లో కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ తయారుచేసిన బీసీపీఎల్ అనే భాష ఈ పద్ధతిలో లెక్కించింది. దాని సంతతిలో 1970ల ఆరంభంలో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాష ఈ పద్ధతిని లోకమంతా వ్యాపింపజేసింది. మనవారు కింది అంతస్తును గ్రౌండ్ ఫ్లోరు అని, దాని పైదానిని ఫస్ట్ ఫ్లోరు అని అంటారు. అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఫస్ట్ ఫ్లోరులో ఉంటున్నామని ఫోనులో చెబితే అది నేల మీది ఇల్లే. ఇక్కడి తల్లులు మాత్రం మెట్లు ఎక్కలేక ఎట్లా ఉంటున్నారో అని దిగులుపడుతుంటారు.

1982లో డైక్‌స్ట్రా అనే డచ్చి పండితుడు సున్నా నుంచి లెక్కించడమే మేలని ఒక చిన్న వ్యాసం చేతివ్రాతతో రాసి పంచిపెట్టాడట. ఆయన వాదన సారాంశం ఇది. మొదలును కలుపుకొని చివరను కలుపుకోకుండా ఉంటే, చివరలో నుంచి మొదలు తీసివేయగానే ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. సున్నా నుంచి మూడు అంటే మూడు గళ్ళు. వాదన బాగానే ఉంది గాని మనము మాట్లాడే పద్ధతి అది కాదు. సోమవారం నుంచి బుధవారం వరకు ఉపవాస కూటాలు అని ప్రకటిస్తే బుధవారం నాడు గుడి తాళం వేసి కూర్చోము గదా!

మా వాడి మొదటి తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. పాత ప్రోగ్రాములో "1 నుంచి 3 వరకు ఒక్కొక్క చోటు తీసుకో" అని ఉంది. ఫోర్‌ట్రాన్‌లో అందులో మూడు కూడా చేరుతుంది. వాడు దానిని ఉన్నదున్నట్టుగా పైథాన్‌లో రేంజ్ 1, 3 అని రాశాడు. పైథాన్‌కు అది 1, 2 మాత్రమే. ఆ భాషలో 1 అంటే రెండో గడి, 2 అంటే మూడో గడి. అంటే మొదటి చోటు లెక్కలోకే రాలేదు. లేని గడిని అడిగి ఉంటే యంత్రం ఆగి కేక వేసేది. ఉన్న గళ్ళనే అడిగాడు గనుక మౌనంగా ఊరుకుంది. మూడు చోట్లలో ఎగువన ఉన్నది మాయమైంది.

ఆ చోటు ఏదో మా ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. వరద రోజుల్లో గోదావరి దిగువన ఉన్నవారము ఒకరినొకరము పలకరించుకునే మాటే "భద్రాచలం ఎంత ఉందంట?" అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరినప్పుడు నాకు ఎనిమిదో ఏడు నడుస్తోంది. మా నాన్నగారు నన్ను భుజం మీద ఎక్కించుకొని బడి మేడ మీదికి చేర్చిన సంగతి, కింద నీళ్ళలో మా గేదె తల పైకెత్తి ఈదిన సంగతి ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాయి. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు నేను సంఘ కాపరిని. మూడు రాత్రులు గుడిలో జనం పడుకున్నారు. ప్రతి గంటకు ఎవరో ఒకరు ఫోను చూసి ఆ అంకెను బిగ్గరగా చదివేవారు. కాబట్టి మా వాడి పట్టికలో భద్రాచలం వరుస లేదని విన్నప్పుడు నాకు అది కంప్యూటరు సంగతిగా అనిపించలేదు.

రెండో తప్పు ఇంకా విచిత్రమైనది. ఈ రోజు మట్టంలో నుంచి నిన్నటి మట్టం తీసివేసి నీరు ఎంత పెరిగిందో చెప్పే భాగం ఒకటి ఉంది. పాత ప్రోగ్రాము రెండో రోజు నుంచి మొదలుపెట్టింది, ఎందుకంటే మొదటి రోజుకు నిన్న లేదు. మా వాడు మొదటి తప్పు దిద్దుకున్న ఊపులో అన్నిచోట్ల సున్నా పెట్టేశాడు. సున్నాలో ఒకటి తీసివేస్తే మైనస్ ఒకటి. చాలా భాషలలో ఇది గళ్ళ బల్లకు బయట చెయ్యి పెట్టడమే. పైథాన్‌లో మాత్రం మైనస్ ఒకటి అంటే చివరి గడి అని అర్థం! అది ఆ భాషవారు సౌకర్యం కోసం పెట్టుకున్నది. ఉదాహరణకు నాలుగు రోజుల మట్టాలు 40, 44, 49, 53 అనుకోండి. మొదటి రోజు నలభైలో నుంచి చివరి రోజు యాభై మూడు తీసివేసి, నది 13 అడుగులు తగ్గిందని ప్రోగ్రాము చెప్పింది. నది పెరుగుతూ ఉన్నది!

మరి ప్రతి నంబరులో నుంచి ఒకటి తగ్గిస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదట. కొన్ని అంకెలు గడి నంబర్లు, కొన్ని నిజమైన లెక్కలు. "3వ రోజు గనుక మూడుతో గుణించు" అని ఉన్నచోట గడి నంబరు 2 అవుతుంది గాని గుణించవలసినది మూడుతోనే. రెండూ పాత ప్రోగ్రాములో ఒకే అక్షరం వేసుకొని పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఇది స్థలమా, ఇది పరిమాణమా అని ప్రతి చోట ఆగి అడగాలి. పైగా 1977 నాటి ప్రమాణం నుంచి ఫోర్‌ట్రాన్‌లో కావాలంటే గళ్ళను సున్నా నుంచో, మైనస్ అయిదు నుంచో కూడా మొదలుపెట్టుకోవచ్చునట. ప్రోగ్రాము పైభాగంలో గళ్ళను ప్రకటించిన వాక్యం చదవకుండా కింది అంకెలను ముట్టుకోకూడదు.

ఇక్కడ నాకు వేదాంత కళాశాల రోజులు జ్ఞాపకం వచ్చాయి. హెబ్రీ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు యాభై ఒకటవ కీర్తన మొదటి వచనం చదవమన్నారు. నేను హెబ్రీ గ్రంథం తెరిస్తే అక్కడ కీర్తన పేరు, దావీదు సంగతి ఉన్నాయి. మన తెలుగు బైబిలులో మొదటి వచనం హెబ్రీలో మూడవ వచనము. అక్కడ శీర్షికను కూడా వచనాలుగా లెక్కపెట్టారు, మనవాళ్ళు శీర్షికను లెక్క బయట ఉంచారు. గ్రీకు అనువాదంలో ఇంకొక సంగతి ఉంది. తొమ్మిది, పది కీర్తనలను వారు ఒకటిగా కలిపారు. అక్కడి నుంచి చాలా దూరం నంబర్లు ఒకటి తక్కువగా నడుస్తాయి. కాపరిని గూర్చిన మన ఇరవై మూడవ కీర్తన గ్రీకులోను, దానిని అనుసరించిన పాత లాటిను బైబిలులోను ఇరవై రెండవది. చివరకు వచ్చేసరికి మన నూట నలభై ఏడవ కీర్తనను రెండుగా విడదీశారు గనుక నూట నలభై ఎనిమిది నుంచి నంబర్లు మళ్ళీ కలిసిపోతాయి. మొదట చూసినా, చివర చూసినా తేడా కనబడదు. నడుమ మాత్రం అంతా జరిగి ఉంటుంది.

మా వాడు ఇది విని లేచి కూర్చున్నాడు. "మామయ్యా, నా మూడో తప్పు సరిగ్గా ఇట్లాంటిదే. మొత్తం సరిపోతోంది, నడుమ అంతా తప్పు" అన్నాడు.

ఆ మూడోది ఏమిటంటే, పట్టికలో అడ్డ వరుసలు చోట్లకు, నిలువు వరుసలు రోజులకు ఉన్నాయి. కాగితం మీద పట్టికకు పొడవు వెడల్పు ఉంటాయి గాని యంత్రం లోపల గళ్ళన్నీ ఒకే పొడవైన బారు. పట్టికను ఆ బారులో ఎట్లా పేర్చాలి? ఫోర్‌ట్రాన్ నిలువు వరుసను ముందు పూర్తిచేసి తరువాతి నిలువు వరుసకు పోతుంది. సీ భాష, పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై అనే పొత్తము, వేరుగా చెప్పకపోతే, అడ్డ వరుసను ముందు పూర్తిచేస్తాయి. పాత ప్రోగ్రాము తన పట్టికను ఒక ఫైలులో దాచింది. మా వాడు కొత్త ప్రోగ్రాముతో ఆ ఫైలు తెరిచాడు.

నేను కాగితం తీసుకొని వాడిచేత చిన్న పట్టిక వేయించాను. ఇవి లెక్క కోసం మేము వేసుకున్న అంకెలు. పై ఊరు: 40, 44, 49, 53. నడిమి ఊరు: 22, 25, 29, 33. కింది ఊరు: 9, 10, 12, 14. ఫోర్‌ట్రాన్ దాచిన బారు ఇట్లుంటుంది: 40, 22, 9, 44, 25, 10, 49, 29, 12, 53, 33, 14. దానిని అడ్డంగా నాలుగేసి చొప్పున విడదీస్తే పై ఊరికి 40, 22, 9, 44. నడిమి ఊరికి 25, 10, 49, 29. కింది ఊరికి 12, 53, 33, 14. పన్నెండు అంకెలూ ఉన్నాయి, ఒక్కటి పోలేదు. కూడితే ముందూ 340, ఇప్పుడూ 340. కంపెనీలో పైవాడు ఆ మొత్తమే చూసి పని బాగుందన్నాడట. కాని పది అడుగులున్న రోజున కింది ఊరికి యాభై మూడు అని రాసి ఉంది. ఏ గట్టు ఎంత ఎత్తు లేపాలో చూడడానికి ఈ పట్టిక ఎవరైనా తీసుకుంటే ఏమి కావాలి?

ఈ రోజుల్లో ఒక భాషలో నుంచి మరొక భాషలోకి ప్రోగ్రామును మార్చి పెట్టే యంత్రాలు కూడా వచ్చాయి గదా, వాటిని అడగలేదా అన్నాను. అడిగాడట. వాక్యాలను చాలావరకు చక్కగానే మార్చిందట. కాని ఫైలులో అంకెలు ఏ వరుసలో పేర్చి ఉన్నాయో ప్రోగ్రాము వాక్యాలలో రాసి ఉండదు. ఫోర్‌ట్రాన్ రాసిన పెద్దమనిషికి అది రాయవలసిన అవసరమే లేదు, ఆ భాష మాట్లాడేవారందరికీ అది తెలిసిన సంగతి. చూపని దానిని యంత్రమైనా మనిషైనా ఎట్లా అనువదిస్తారు?

వాడి చేతిలో ఉన్న పుస్తకాలలో పాతవారి అనుభవాలు కొన్ని వినిపించాడు. 1960లలో విల్కిన్సన్, రైన్ష్ మొదలైనవారు ఆల్గాల్ అనే భాషలో రాసిన లెక్కల పద్ధతులను, చికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలవారు తరువాతి దశాబ్దంలో ఐస్‌పాక్ అనే పేరుతో ఫోర్‌ట్రాన్‌లోకి తెచ్చారు. ఎంతో నమ్మకమైన అనువాదం. జవాబులు సరిగా వచ్చాయి. కాని మూలంలో అడ్డ వరుసల వెంట నడిచినచోట ఫోర్‌ట్రాన్‌లోనూ అడ్డంగానే నడిచారు, గళ్ళేమో నిలువుగా పేర్చి ఉన్నాయి. మిరప చేనులో సాలు వెంట కాయలు కోసుకుంటూ పోకుండా, ఒక్కొక్క కాయకు ఒక్కొక్క సాలు దాటినట్టుంటుంది అది. కాయలన్నీ గంపలోకి వస్తాయి, పొద్దు మాత్రం పోతుంది. క్లీవ్ మోలర్ అనే ఆయన 1972లోనే ఈ నడకను గురించి ఒక వ్యాసం రాశాడు. 1979లో వచ్చిన లిన్‌పాక్ అనే పొత్తమును మొదటి నుంచి నిలువు వరుసల ప్రకారమే రాశారు.

ఇంకొకటి నాకు మరీ నచ్చింది. న్యూమరికల్ రెసిపీస్ అనే పుస్తకం 1986లో ఫోర్‌ట్రాన్‌తో, 1988లో సీ భాషతో వచ్చింది. సీలో సున్నా నుంచి లెక్కించాలి గదా, ఆ రచయితలు ఒప్పుకోలేదు. గళ్ళ బల్ల మొదలును ఒక గడి వెనక్కు జరిగినట్టు యంత్రానికి చూపించి, ఒకటి నుంచే లెక్కపెట్టుకున్నారు. సీ భాష నియమాలు దానిని అనుమతించవు, అయినా చాలాకాలం నడిచింది. 2002 నాటి కూర్పులో మాత్రం వారూ సున్నాకు వచ్చారు. పాత ఊరి అలవాటును కొత్త ఊరిలో కొంతకాలం దాచి ఉంచుకోవచ్చు. ఆ ఊరి కోడళ్ళకు ఈ మాట బాగా తెలుసు.

రెండో రోజు ఉదయం మా వాడు ఆ పాత ప్రోగ్రాము రాసిన ఇంజనీరుగారి నంబరు సంపాదించి ఫోను చేశాడు. ఆయన విశ్రాంత జీవితంలో ఉన్నారు. విసుక్కోకుండా గంటసేపు మాట్లాడారు. "నిజమైన మట్టాలతో పరీక్షించకు నాయనా, వాటిలో తప్పు దాక్కుంటుంది. ప్రతి గడిలో దాని చిరునామానే పెట్టు" అన్నారట. అంటే మొదటి చోటు మొదటి రోజుకు 11, మొదటి చోటు రెండో రోజుకు 12, మూడో చోటు నాలుగో రోజుకు 34. ఇప్పుడు ఏ గడిలో నుంచి ఏ అంకె బయటికి వచ్చినా అది తన ఊరు తానే చెబుతుంది. కొత్త ప్రోగ్రాములో మొదటి వరుస 11, 21, 31, 12 అని వచ్చింది. చూడగానే మా వాడు పకపక నవ్వాడు. వాడు వచ్చిన తరువాత నవ్వడం అదే మొదలు. ఫైలు చదివే చోట నిలువు వరుస ప్రకారం తీసుకొమ్మని ఒక్క మాట చేర్చాడు. మొదటి వరుస 11, 12, 13, 14 అయింది.

మధ్యాహ్నం అక్క పంపిన రొయ్యల పచ్చడితో కడుపునిండా అన్నం తిని, సాయంత్రం దాకా ప్రతి వాక్యం దగ్గర పెన్సిలుతో "స్థలం", "లెక్క" అని కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. నూట పన్నెండు చోట్ల అంకెలున్నాయి. వాటిలో తగ్గించవలసినవి డెబ్బై పైచిలుకు తేలాయి. ప్రోగ్రాము పైభాగంలో నాలుగు వాక్యాలు మామూలు మాటలతో రాశాడు: అడ్డ వరుసలు చోట్లు, నిలువు వరుసలు రోజులు, లెక్క సున్నా నుంచి, పాత ఫైలు నిలువుగా పేర్చినది.

మరునాడు తెల్లవారుజామున బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. ఉద్యోగం నిలుస్తుందా అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ ప్రోగ్రాముకు తోడు ఇంకా రెండున్నాయట. ఒకదానిలో రోజులు సున్నా నుంచి మొదలయ్యాయి, ఆ సున్నా గడిలో వరదకు ముందటి రోజు మట్టం ఉందట. రెండవది ఇంకా తెరిచి చూడలేదు.